గుంటూరులో నలుగురితో కలిసి బరువులెత్తడం ఎలా మొదలుపెట్టాలి

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ దుకాణంలో నేను లెక్కలు రాస్తాను. వయసు యాభై దాటింది. షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటాను. నలభై కిలోలు దాటిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, హమాలీలు మోసుకుపోతుంటే కుర్చీలో కూర్చుని కాటా చీటీలు రాయడం నా పని. వారానికి మూడు ఉదయాలు మాత్రం బరువులెత్తే వంతు నాది. కొరిటెపాడులో ఒక పాత హాలులో పది పన్నెండు మందిమి కలుస్తాం. మా గుంపులో మిషను కుట్టే అక్క ఉంది, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఉన్నారు, కాన్పు తర్వాత నడుం నొప్పితో వచ్చిన అమ్మాయి ఉంది, బైపాస్ అయిన బాబాయిగారు ఒకరు డాక్టరు రాసిచ్చిన చీటీతో వస్తారు. ఎలా మొదలుపెట్టాలని అడిగిన ప్రతివారికీ ఫోనులో విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బరువులెత్తడం ఒంటికి మంచిదని అందరూ చెబుతారు, అది నిజమే. కానీ ఒంటరిగా జిమ్ములో చేరినవాళ్లలో చాలామంది కట్టిన ఫీజు కాలం తీరకముందే మానేయడం నేను చూశాను. మానేస్తే అడిగేవాళ్లు ఉండరు కదా. గుంపులో మీ కోసం ఒకరు పక్కన నిలబడి ఒకటి, రెండు అని లెక్కపెడతారు. కొన్నాళ్లకు మీరు ఇంకొకరికి లెక్కపెడతారు. ధైర్యం ఆ రెండో మెట్టులో వస్తుంది. గుంపును ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క సంగతీ మనసులో ఉంచుకోండి.

నడుస్తున్నాం కదా, చాలదా?

బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం చుట్టూ తెల్లవారుజామున నడిచేవాళ్లందరూ అడిగే ప్రశ్న ఇది. నడక గుండెకు మంచిది, మానవద్దు. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు చూడండి. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో శ్రమించాలని, దానికి తోడు వారంలో కనీసం 2 రోజులు ఒంట్లోని పెద్ద కండరాలన్నిటికీ బలం పెంచే వ్యాయామం చేయాలని అందులో ఉంది. 65 దాటినవాళ్లు తూలిపడకుండా ఉండేందుకు వారంలో 3 రోజులైనా బలమూ నిలకడా పెంచే వ్యాయామాలు చేయాలి. మనం మొదటి సగం చదివి ఆగిపోయాం.

షుగరు ఉన్నవాళ్లకు ఇంకో కారణం ఉంది. తిన్న అన్నంలోంచి రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద భాగాన్ని దాచుకునే చోటు కండరం. కండరం తగ్గితే ఆ చోటు తగ్గుతుంది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే చక్కెరను లాక్కుంటుంది. నా మూడు నెలల సగటు షుగరు కొంత దిగింది. మాత్రలు మాత్రం మానలేదు, మానమని ఎవరికీ చెప్పను.

మీ బలం ఎంతో ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి కూర్చోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో పక్కవాళ్లను లెక్కపెట్టమనండి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టిక ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు 12 కంటే, మగవాళ్లు 14 కంటే తక్కువ చేస్తే ఆ వయసుకు సగటు కంటే వెనకబడినట్టు. వచ్చిన అంకెను తేదీతో రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

చేరకముందు ఒక ఉదయం చూసి రండి

లక్ష్మీపురం, బ్రాడీపేట, అరండల్‌పేటల్లో జిమ్ములకు కొదవ లేదు. వాటిలో కొన్నింటిలో ఉదయం పూట గుంపుగా నేర్పే తరగతులుంటాయి. బోర్డు చూసి చేరవద్దు. వెళ్లి ఒక గంట మూలన కూర్చుంటానని అడగండి. ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి.

కూర్చున్నాక బాగా ఎత్తేవాళ్ల వంక చూడకండి. అందరికంటే కొత్తగా, బెరుగ్గా ఉన్న మనిషి ఎవరో పట్టుకుని గంటసేపూ ఆ మనిషినే గమనించండి. ఆమె దగ్గర ఎవరైనా నిలబడ్డారా? తప్పుగా వంగితే ఎవరైనా వచ్చి సరిచేశారా, లేక నవ్వి ఊరుకున్నారా? పేరు పెట్టి పిలుస్తున్నారా? కోచ్ ఒక్కడే అరుస్తూ మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటుంటే అది గుంపు కాదు, ఒకే గదిలో ఉన్న ఒంటరివాళ్లు.

సామాను కూడా చూడండి. 1 కిలో, 2 కిలోల డంబెల్స్, ఇనుప రాడ్‌కు తగిలించే 1.25 కిలోల చిన్న ప్లేట్లు ఉండాలి. పెద్దపెద్ద ప్లేట్లు మాత్రమే ఉన్నాయంటే మీలాంటివాళ్లు వస్తారని వాళ్లు అనుకోలేదన్నమాట. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే చోట, చేరగానే పౌడరు డబ్బా అంటగట్టే చోట నాకు నమ్మకం లేదు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు అంటారు. ఒక్క నెలకే కట్టండి.

దూరం చిన్న విషయం అనుకోవద్దు. సాయంత్రం లాడ్జి సెంటర్ దాటుకుని వెళ్లాల్సిన చోటైతే ఆ బ్యాచ్ మరిచిపోండి, రెండో వారానికే ట్రాఫిక్ మీ చేత మాన్పిస్తుంది. స్కూటీ మీద పది నిమిషాల లోపు ఉన్న మామూలు హాలు, ఊరి అవతల ఉన్న ఏసీ జిమ్ము కంటే మేలు.

మా హాలులో ఒక కట్టుబాటు ఉంది, మీరు చేరే చోట లేకపోతే పెట్టించండి. ఎత్తిన బరువు అడగవచ్చు, ఒంటి బరువు అడగకూడదు. సన్నబడ్డావు, లావయ్యావు అనే మాటలు గుమ్మం బయటే. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆ మాటలు ఎలాగూ తప్పవు, ఒక్క గంటైనా వాటి నుంచి సెలవు దొరకాలి.

డాక్టరుతో ఒక మాట

బీపీ, షుగరు, గుండె జబ్బు, హెర్నియా, పాత ఆపరేషన్లు, గర్భం, ఇటీవలి కాన్పు ఉంటే ముందుగా డాక్టరును అడగండి. బీపీ 180/110 దాకా ఎగబాకి ఉంటే అది అదుపులోకి వచ్చేదాకా బరువులు ముట్టుకోవద్దు. షుగరు వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు కంటి డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు వ్యాయామం తర్వాత షుగరు మరీ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు బిళ్లలో చక్కెరో పెట్టుకుని, ఆ సంగతి పక్కవాళ్లకు చెప్పి ఉంచండి. గుంపులో చేరడం వల్ల ఉన్న లాభాల్లో ఇదీ ఒకటి, మీకు చెమటలు పట్టి మాట తడబడితే ఎందుకో తెలిసిన మనిషి పక్కనే ఉంటుంది.

మొదటి వారాలు

ఆడవాళ్లకు చుడీదార్ చాలు, చున్నీ వద్దు, అది రాడ్‌కు చుట్టుకుంటుంది. గాజు గాజులు తీసి రండి. గొలుసు లోపలికి వేసుకోండి. పరుగు కోసం చేసిన మెత్తటి బూట్లలో పాదం ఊగుతుంది, బల్లపరుపు అడుగున్న కాన్వాసు బూట్లు నయం. ఒక తువ్వాలు, నీళ్లు, ఒక చిన్న నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకోండి. ఫోనులో రాస్తానంటారు, రాయరు.

మొదట్లో నేర్చుకోవలసిన కదలికలు అయిదే. కూర్చుని లేవడం, వంగి ఎత్తడం, నెట్టడం, లాగడం, మోయడం. కూర్చుని లేవడం కుర్చీతో మొదలై, రెండు చేతులతో ఒక డంబెల్‌ను ఛాతీకి ఆనించుకుని చేసే స్క్వాట్ దాకా వెళ్తుంది. నెట్టడం గోడకు చేసే పుషప్‌తో మొదలుపెట్టి, తర్వాత బల్ల, తర్వాత నేల. లాగడమంటే వంగి డంబెల్‌ను నడుం వైపు గుంజడం, రో అంటారు. మోయడానికి నేర్పేదేమీ లేదు. రెండు చేతుల్లో సమానమైన బరువు పట్టుకుని వెన్ను నిటారుగా ఉంచి నడవడమే.

వంగి ఎత్తడం దగ్గర మాత్రం ఆగి ఓపిగ్గా నేర్చుకోండి, మన నడుం నొప్పులన్నీ అక్కడే ఉన్నాయి. గోడకు వీపు పెట్టి, జానెడు దూరంలో నిలబడండి. మోకాళ్లను కొంచెం సడలించి, వీపును గుండ్రంగా వంచకుండా, పిరుదులను వెనక్కి తోస్తూ గోడను తాకండి. తొడల వెనక గుంజినట్టుంటే సరిగ్గా చేస్తున్నట్టు, నడుంలో గుంజితే కాదు. అది పది సార్లు తడుముకోకుండా వచ్చాక అర జానెడు ముందుకు జరగండి. ఆ తర్వాతే చేతిలో బరువు. బిందె ఎత్తినా, బియ్యం బస్తా జరిపినా, స్కూటీని సెంటర్ స్టాండు వేసినా పనిచేసే కదలిక ఇదే. మా గుంపులో మిషను కుట్టే అక్కకు మొదట సంతోషం కలిగించింది కూడా సెంటర్ స్టాండే. అంతవరకూ రోడ్డు మీద ఎవరో ఒక అబ్బాయిని బతిమాలేది.

ఒక్కో కదలికకు 8 నుంచి 12 సార్లు చొప్పున రెండు సెట్లు, అంటే రెండు విడతలు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. మొదటి నెలకు ఇది చాలు. ఇంకా రెండు మూడు సార్లు చేయగలను అనిపించినప్పుడే ఆపేయండి. ఊపిరి బిగబట్టకండి, బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. బరువును లేపేటప్పుడు గాలి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. మరుసటి రోజో ఆ మరుసటి రోజో తొడలు పట్టేస్తాయి, మెట్లు దిగుతుంటే ఏడుపొస్తుంది. అది రెండు మూడు రోజుల్లో పోయే నొప్పి. కీలులో సూదిలా గుచ్చే నొప్పి, ఛాతీలో పట్టేసినట్టు ఉండడం, కళ్లు తిరగడం వేరు. అప్పుడు వెంటనే ఆపి చెప్పాలి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మొదటి రోజే మొనగాళ్లలా చేసినవాళ్లకు అరుదుగా అలా అవుతుంది.

పుస్తకంలో రాసే పద్ధతి

ఇది నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి. పేజీకి ఒక రోజు. పైన తేదీ, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. కింద కదలిక, బరువు, ఎన్నిసార్లు, ఎన్ని సెట్లు. చివర ఒక్క మాట, తేలిక, సరిపోయింది, కష్టం. అంతే. సరిపోయింది అన్న మాటతో వరుసగా రెండు రోజులు 12 సార్లు పూర్తయితే మూడో రోజు ఉన్నవాటిలో అతి చిన్న బరువు పెంచండి. రాడ్‌కు చెరో పక్క 1.25 వేస్తే 2.5 కిలోలు పెరుగుతుంది. కష్టం అని రాసిన రోజు పెంచవద్దు. మనసు ఎంత చెప్పినా పుస్తకం మాటే వినండి.

మొదటి నెలలో బరువులు చకచకా పెరుగుతాయి. కండ పెరిగిందని మురిసిపోకండి. ఉన్న కండను వాడుకోవడం అప్పుడే నరాలకు అలవాటవుతోంది. కండ తయారుకావడానికి నెలలు పడుతుంది. రెండో మూడో నెలలో వేగం తగ్గినప్పుడు చాలామంది నిరుత్సాహపడి మానేస్తారు, అది ముందే తెలిసి ఉండాలి.

రాడ్ బరువు కూడా రాయాలి, చాలామంది వదిలేస్తారు. పోటీలకు వాడే రాడ్ మగవాళ్లది 20 కిలోలు, ఆడవాళ్లది 15. మన ఊళ్లో దొరికే సన్నటివి రకరకాలుగా ఉంటాయి. మా హాలులో వాటిని కాటా మీద పెట్టి తూచి, రంగు టేపు మీద బరువు రాసి అంటించాం. ఎవరు తూచారో చెప్పనక్కర లేదు.

లెక్కపెట్టడం

మేము ముగ్గురేసి చొప్పున ఒక రాడ్ పంచుకుంటాం. ఒకరు ఎత్తుతారు, ఒకరు పక్కన నిలబడి లెక్కపెడతారు, ఒకరు సేద తీరుతారు. లెక్కపెట్టడం అంటే అంకెలు పలకడమే కాదు. వీపు వంగిందా, మోకాళ్లు లోపలికి పడ్డాయా, ఊపిరి బిగబట్టిందా చూడాలి. తేడా వస్తే గట్టిగా ఆపు అనాలి. వయసులో పెద్దవాళ్లయినా సరే.

చాలామందికి బరువెత్తడం కంటే ఇదే కష్టం. మాలో కొత్తగా చేరిన ఒకమ్మాయి అయిదు ఆరు అనేది తనకే వినిపించనంత చిన్నగా పలికేది. హెడ్‌మిస్ట్రెస్‌గారు వినపడటం లేదమ్మా, మళ్లీ ఒకటి నుంచి చేస్తాను అనేవారు, అలాగే చేసేవారు కూడా. ఆవిడను అన్నిసార్లు కష్టపెట్టడం ఇష్టం లేక ఆ పిల్ల గొంతు పెంచింది. ఇప్పుడు ఆమె లెక్క మెట్ల దాకా వినిపిస్తుంది. తన ఆఫీసులో తన మీదికి నెట్టేసిన పని ఇంకొకరిదని ఈ మధ్యే పైఅధికారికి చెప్పిందట. బరువుల వల్లే అని నేను ఒట్టేసి చెప్పను. కానీ వారానికి మూడు రోజులు తనకంటే పెద్దవాళ్లను ఆపు అని ఆపిన గొంతు కదా.

కాబట్టి గుంపులో చేరి రెండు నెలలు గడిచాక మీరే అడగండి, కొత్తవాళ్లను నాకు అప్పజెప్పండి అని. ఇవ్వకపోతే, అక్కడ నేర్పడమంతా ఒక్క కోచ్ చేతిలోనే ఉంటే, ఒంటికి మంచి జరుగుతుంది గానీ నేను చెప్పే రెండో లాభం అందదు.

ఇంట్లో అనే మాటలు

మగవాళ్లలా తయారవుతావు అంటారు. ఆడవాళ్ల ఒంట్లో కండ పెంచే టెస్టోస్టిరాన్ హార్మోను మగవాళ్లతో పోలిస్తే చాలా తక్కువ. వారానికి మూడు గంటలతో అలా తయారవడం సాధ్యం కాదు, ఆ రూపం కోసం ఏళ్ల తరబడి పాటుపడేవాళ్లను అడగండి. ఈ వయసులో ఎందుకు అంటారు. ఈ వయసు కాబట్టే. నెలసరి ఆగాక ఎముక వేగంగా పలచబడుతుంది, దానికి బరువు మోసే పని కావాలి.

మన వాళ్లకు బరువులు కొత్తేమీ కాదని కూడా గుర్తు చేయండి. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమె. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది. బాపట్ల దగ్గరి స్టూవర్ట్‌పురం కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 338 కిలోలతో స్వర్ణం తెచ్చాడు. మా ఇంట్లో ఈ పేర్లు పెద్దగా పనిచేయలేదు. నిండు గ్యాస్ బండను, అంటే 30 కిలోల దాకా ఉండేదాన్ని, నేనే వంటింట్లోకి తెచ్చి పెట్టిన రోజు మాత్రం మాటలు ఆగాయి.

తిండి, ఎండ, సీజను

జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజుకు కిలో ఒంటి బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. మన పళ్లెంలో అన్నం గుట్టలా, పప్పు గరిటెడు. రెండు గుడ్లకు 12 గ్రాముల దాకా, గుప్పెడు వేరుశనగలకు 7, పావు లీటరు పాలకు 8, యాభై గ్రాముల పెసలతో పోసిన పెసరట్టుకు 12 వస్తాయి. పౌడరు డబ్బా లేకుండానే లెక్క కుదురుతుంది. బరువులెత్తేవాళ్లు ఇంకొంచెం ఎక్కువ తినవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినంతే. ఊరగాయను కూరగా లెక్కవేయడం మానండి.

మే నెలలో మన ఎండ సంగతి తెలిసిందే. మేము అయిదింటికే మొదలుపెట్టి, సెట్లు తగ్గించి, ఉప్పు వేసిన మజ్జిగ తెచ్చుకుంటాం. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు వేసుకోరు. నాకు అసలు చిక్కు ఎండ కాదు, ఫిబ్రవరి నుంచి యార్డుకు సరుకు పోటెత్తే రోజులు. అప్పుడు మూడు రోజులకు బదులు ఒక్కరోజే వెళ్తాను. ఒక్కరోజైనా చాలావరకు బలం నిలుస్తుంది. పూర్తిగా రెండు మూడు వారాలు పోతే పాత పేజీ తీసి, అందులోని బరువులో సగంతో మొదలుపెట్టండి. రాని మనిషికి ఫోను చేసే వంతు మా గుంపులో వారానికొకరిది. ఎందుకు రాలేదని అడగకూడదు, శుక్రవారం వస్తున్నావా అని మాత్రమే అడగాలి.

దగ్గరలో గుంపు లేకపోతే

నలుగురు చాలు. అపార్ట్‌మెంటు పార్కింగులోనో మేడ మీదో చోటు చూసుకోండి. 20 లీటర్ల నీళ్ల క్యానులో సగం నీళ్లు పోస్తే 10 కిలోలు, నిండా పోస్తే 20. లీటరు లీటరుగా పెంచుకోవచ్చు, ఏ ప్లేటూ అంత సౌకర్యంగా ఉండదు. గట్టి కుర్చీలు రెండు, గోడ ఒకటి, పాత నోటుపుస్తకాలు నాలుగు. మొదటి నాలుగు వారాలకు కోచ్‌ను వారానికి ఒక్కరోజు పిలిపించి, ఖర్చు నలుగురూ పంచుకోండి. వంగి ఎత్తడం నేర్చుకోవడానికే ఆయన, మిగతావి మీరు చూసుకోగలరు. రోజులు ముందే ఖాయం చేయండి, సోమ, బుధ, శుక్రవారాలు అని. వీలు చూసుకుని కలుద్దాం అనుకున్న గుంపు ఒక్కటీ నిలవలేదు. తాళం చెవి ఒకరి దగ్గర, లెక్క ఇంకొకరి దగ్గర ఉంచండి. నాలుగు వారాలు పూర్తయ్యాక కుర్చీ పరీక్ష మళ్లీ చేసి, పాత అంకె పక్కన కొత్తది రాయండి. అయిదో మనిషిని ఆ తర్వాత పిలవండి.